బీరువా వెనక గోడ

కింది వీధి ఇల్లు, వరండా
జులై మొదటి వారం

చిరంజీవి పిచ్చికకు,

మీ వదిన ఆశీస్సులు. చిన్నప్పుడు మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను, కోపం తెచ్చుకోకు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. అత్తయ్య పోయినప్పటి నుంచీ ఈ ఇంటి నంబరు కనిపిస్తే చాలు, నీ ఫోనుకి చెవుడు వస్తుంది. అందుకే కాగితం మీద పడ్డాను. ఊరక రారు మహానుభావులు అని నవ్వుకుంటావేమో, నవ్వుకో.

ఇల్లు మునిగింది. వరద. కింద గది, అదే మీ అమ్మ ఉన్న గది, ఇప్పుడు నా కుట్టు గది. నాలుగు మిషన్లూ మోటార్లతో సహా నీళ్ళలో నిలబడ్డాయి. బడి పిల్లల యూనిఫాంల కోసం తెచ్చిన గుడ్డంతా నాని రంగు దిగిపోయింది. అది పోతే పోయింది, వెనక గోడ పెచ్చులూడి, పొట్ట వచ్చినట్టు ముందుకి ఉబ్బింది. మెట్లు ఆ గోడ మీదే ఆని ఉన్నాయని నీకు తెలుసుగా. మేస్త్రీ వచ్చి, చెయ్యి ఆనించి చూసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అమ్మా, ఇది విప్పి కట్టకపోతే మెట్లూ పై గదీ కలిసి కిందికి దిగుతాయి. ఈలోపు లోపల పడుకోకండి" అన్నాడు.

మీ అన్నయ్య సంగతి చెప్పేదేముంది, నోట్లో నాలుక లేని మనిషి. వరండాలో కుర్చీ వేసుకుని వాన వంక చూస్తున్నాడు. గోడ కట్టించే స్తోమత మాకు లేదు. ఇంటికి బీమా ఉంది. దగ్గరుండి ఆ బీమా కట్టించింది నువ్వే, నువ్వు పనిచేసేదీ ఆ కంపెనీలోనే. ఆ డబ్బు వస్తే ఇల్లు నిలబడుతుంది, రాకపోతే మేం వీధిన పడతాం. ఏం రాయాలో, ఎలా రాయాలో నువ్వే చెప్పు.

నీ వదిన


క్లెయిముల విభాగం, మూడో అంతస్తు
జులై రెండో వారం

వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అన్నయ్యకి ఏమీ కాలేదని మీరు రాయలేదు కానీ, కుర్చీలో కూర్చున్నాడని రాశారు కాబట్టి బాగానే ఉన్నాడనుకుంటున్నాను.

మా దగ్గర నీళ్ళన్నీ ఒకటి కాదండీ. వీధిలోంచి గుమ్మం దాటి లోపలికి వచ్చిన నీళ్ళని వరద అంటాం. దానికి బీమాలో విడిగా ఇంకాస్త కట్టాలి. కట్టమని అన్నయ్యకి ఫోనులో చెప్పాను. "మన ఇల్లు ఎత్తు మీద ఉంది, మనకి వరదేమిటి, వాళ్ళకి టార్గెట్లుంటాయి, అలాగే చెప్తారు" అని వెనక నుంచి మీరన్న మాట నాకు వినపడింది. కట్టలేదు. కాబట్టి మీరు రాసినట్టు వరదే అయితే మీకు పైసా రాదు.

ఇంట్లో గొట్టం పగిలి ఒక్కసారిగా వచ్చిన నీళ్ళయితే వేరు. అప్పుడు గోడకీ డబ్బు వస్తుంది, మిషన్లకీ వస్తుంది. నీళ్ళు కింద నుంచి వచ్చాయా, పై నుంచి వచ్చాయా, ఆలోచించి రాయండి. అయినవాళ్ళ క్లెయిము మీద సంతకం పెట్టే అధికారం నాకు ఉండదు. సలహా ఒక్కటే చెప్పగలను.

పిచ్చిక


కింది వీధి ఇల్లు, వరండా
జులై మూడో వారం

పిచ్చికా,

నీ నోట్లో చక్కెర పొయ్య! పై నుంచే వచ్చాయే తల్లీ! వీధి నీళ్ళు మన రెండో మెట్టు దగ్గరే ఆగి, బుద్ధిగా వెనక్కి పోయాయి. లోపల మునిగింది గొట్టం పగిలి. పైన స్నానాల గది నుంచి గోడలోకి దిగే ఇనప గొట్టం ఢామ్మని పేలింది. మేం పైన ఉన్నాం. కిందికి పరిగెత్తి వచ్చేసరికి గోడలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, పెచ్చులు మిషన్ల మీద పడుతున్నాయి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

మరి వరద అని ఎందుకు రాశానంటావా? గొట్టం అంటే చిన్న విషయంలా ఉంటుంది, వరద అంటే కాస్త గట్టిగా ఉంటుంది కదా అని. పదివేలు నష్టపోతే పాతికవేలని చెప్పనిదే ఎవరు నమ్ముతారే ఈ రోజుల్లో! మీ అన్నయ్య అప్పటికీ గొణిగాడు, ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు కదా అని. ఆయన మాట వింటే ఈ సంసారం ఎప్పుడో గట్టెక్కేది!

పగిలిన గొట్టం ముక్క ప్లంబరు పారేయబోతే లాక్కుని దాచాను. నిలువునా చీలింది, చూస్తే చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఇన్ని రాత్రుల తర్వాత నిన్ననే కంటినిండా నిద్రపోయాను, వరండాలో బల్ల మీదే అయినా. ఇంకేం చెయ్యాలో చెప్పు. నువ్వేం చెబితే అది చేస్తాను.

నీ వదిన


క్లెయిముల విభాగం, మూడో అంతస్తు
ఆగస్టు మొదటి వారం

వదినా,

గొట్టం ముక్క దాచావు చూడు, అదీ తెలివి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కూడా ముందు చెత్త ఊడ్చి పారేసి, తర్వాత రుజువులకి వెతుక్కుంటారు. దాన్ని గుడ్డలో చుట్టి జాగ్రత్త చెయ్యి. క్లెయిము కాగితాలు పంపుతున్నాను, అన్నయ్య చేత సంతకం పెట్టించు.

ఇక ఒక్కటి మిగిలింది. నష్టం చూసి లెక్క రాసుకోవడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చినప్పుడు గోడ గురించి అడుగుతాడు. ఆ గోడకి తడి తగలడం ఇదే మొదటిసారా? ముందు నుంచీ ఉందా? ఉంటే ఎప్పటి నుంచి, ఎంతలా? నాకు ముందు నీ మాటల్లో రాసి పంపు. మొహమాటపడకు, మన ఇంటి గోడే కదా. నువ్వూ నేనూ దాచుకునేదేముంది?

నువ్వు ఇంత కష్టంలో ఉంటే మొదటి ఉత్తరం కటువుగా రాశాను. మనసులో పెట్టుకోకు. వానకి తడవకుండా పడుకోండి ఇద్దరూ.

నీ పిచ్చిక


కింది వీధి ఇల్లు, వరండా
ఆగస్టు రెండో వారం

బంగారు తల్లీ,

ఎన్నాళ్ళకి "నీ పిచ్చిక" అని రాశావే! చదివి మీ అన్నయ్యకి చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ముందే అన్నాను, రక్తసంబంధం ఎక్కడికి పోతుందని.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఆ గోడ పడ్డ కష్టం పగవాడికి కూడా వద్దు. ఇప్పటిదా అది? మీ అమ్మ పైన మెట్లెక్కలేక కింద గదిలోకి మారిన ఏడాది నుంచే కారడం మొదలుపెట్టింది. మొదట అరచేతి మందాన మచ్చ, తర్వాత మంచం పొడుగూ నల్లగా పాకింది. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టాం. ఆవిడ దుప్పటి పొద్దున పిండితే నీళ్ళు కారేవి, అబద్ధం కాదు. పాపం గోడకి పాత పేపర్లు అంటించుకునేది, అవీ నాని జారిపోయేవి. "గోడ ఏడుస్తోందే కోడలా, నన్ను వేరే గదిలోకి మార్చండే" అని పోరు పెట్టేది. పైకి మోసేవాళ్ళెవరు? ముందు గది మార్చాలంటే అక్కడ మా టీవీ, వచ్చేపోయేవాళ్ళు. నేనేమో "చెమ్మ కాదత్తయ్యా, వయసు చలి" అని దుప్పటి కప్పేసి వచ్చేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆవిడన్నదే నిజం, గొట్టం అప్పటి నుంచే జాయింటు దగ్గర ఊరుతోందట. ప్లంబరే చెప్పాడు. ఏళ్ళ తరబడి అంత నష్టం భరించాం మేం! దానికి తగ్గట్టు లెక్క కట్టాలి కదా మీవాళ్ళు?

చివరి రోజుల్లో నువ్వు వచ్చినప్పుడు ఆ గోడకి బీరువా ఎందుకు ఆనించామో తెలుసా? మచ్చ చూస్తే నీ మనసు కష్టపడుతుందని. నేనూ మీ అన్నయ్యా చెరో పక్కా పట్టుకుని జరిపాం. ఆయన నడుము అప్పుడు పట్టిందే, ఇప్పటికీ వదల్లేదు. వీలైతే అది కూడా రాయించు.

ఇంత చాలా, ఇంకా కాస్త పెంచి రాయమంటావా?

నీ వదిన


క్లెయిముల విభాగం, మూడో అంతస్తు
ఆగస్టు చివర

వదినా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. పెంచనక్కర్లేదు, చాలు.

సర్వేయరు వారం లోపల వస్తాడు. నాకు రాసింది రాసినట్టే ఆయనకి చెప్పు. మచ్చ, ఇటుకలు, దుప్పటి, ఏదీ దాచకు. బీరువా సంగతి కూడా.

పిచ్చిక


కింది వీధి ఇల్లు, వరండా
సెప్టెంబరు మొదటి వారం

పిచ్చికా,

వచ్చాడు, వెళ్ళాడు! సన్నగా, ఈనెపుల్లలా ఉన్నాడు, బూట్లకి బురద అంటుతుందేమోనని పిల్లిలా అడుగులు వేశాడు. గొట్టం ముక్క చూసి, "ఇంకేమ్మా, స్పష్టంగా ఉంది" అని పుస్తకం మూసేయబోయాడు. అంత సులువుగా వదులుతానా? కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మొదటి నుంచి చెప్పుకొచ్చాను. నువ్వు చెప్పమన్నావుగా, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో ఆయన, "అమ్మా, ఎప్పటి నుంచన్నారు? మరొకసారి ఆలోచించుకుని చెబుతారా?" అని రెండుసార్లు అడిగాడు. నా మాట మీద అనుమానమా అని ఒళ్ళు మండి, మా అత్తగారు బతికున్నప్పటి నుంచీ అని గట్టిగా చెప్పాను. ఆయన మళ్ళీ పుస్తకం తెరిచాడు. అప్పుడు రాశాడు చూడు, పేజీలకి పేజీలు! గోడకి ఏదో చిన్న పరికరం ఆనించి, అది కీచుమంటే అదీ రాసుకున్నాడు.

మీ అన్నయ్య మాత్రం పక్క నుంచి నా కొంగు లాగుతూనే ఉన్నాడు. సర్వేయరు వెళ్ళాక, "అమ్మ సంగతంతా ఎందుకు చెప్పావే" అని భోజనం మానేశాడు. ఆయనకి లోకజ్ఞానం తక్కువ. అంత రాసుకున్నవాడు తక్కువిస్తాడా? మేస్త్రీకి అప్పుడే మాటిచ్చేశాను.

నీ వదిన


కింది వీధి ఇల్లు, వరండా
అక్టోబరు

పిచ్చికా,

ఇదేమిటే? మీ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. "దీర్ఘకాలంగా నెమ్మదిగా ఊరిన నీటి వల్ల, యజమానికి తెలిసీ మరమ్మతు చేయించనందువల్ల కలిగిన నష్టానికి పరిహారం వర్తించదు" అట. గోడకి సున్నా, మిషన్లకి సున్నా, గుడ్డకి సున్నా. గొట్టం పగల్లేదా? ముక్క నా దగ్గర లేదా? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఎవరో పొరబాటు పడ్డారు, నువ్వు ఒక్క మాట రాస్తే దిద్దుకుంటారు.

పురపాలక సంఘం ఇంజనీరు వచ్చి తలుపు మీద నోటీసు అంటించి పోయాడు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలట, వరండాతో సహా. నీ కాళ్ళు పట్టుకుంటాను, త్వరగా రాయి.

వదిన


క్లెయిముల విభాగం, మూడో అంతస్తు
అక్టోబరు

వదినగారికి,

పొరబాటు ఎవరూ పడలేదండీ. మూడో రకం నీళ్ళ గురించి నేను మీకు రాయలేదు, అంతే. వీధి నీళ్ళు ఒకటి, పగిలిన గొట్టం నీళ్ళు రెండు, ఏళ్ళ తరబడి ఊరుతుంటే ఇంట్లోవాళ్ళు చూస్తూ ఊరుకున్న నీళ్ళు మూడు. మూడో దానికి ప్రపంచంలో ఎవరూ డబ్బివ్వరు. మీరు "గొట్టం పగిలింది, ఇదిగో ముక్క" అని రెండు మాటలు చెప్పి నోరు మూసుకుని ఉంటే ఈపాటికి చెక్కు వచ్చేది. సర్వేయరు పుస్తకం మూసేయబోయాడని మీరే రాశారు. పాపం ఆయన మంచివాడు, మీకు రెండుసార్లు దారి చూపించాడు కూడా.

నేను అబద్ధం ఒక్కటి చెప్పలేదు. గోడ సంగతి అడిగాను, మీరు చెప్పారు. అది ఎక్కువ డబ్బు తెస్తుందని నేనెక్కడా అనలేదు.

అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో, "గోడ ఏడుస్తోందే పిచ్చికా" అనేది. మీరు ఫోను లాక్కుని, "ఎండు పెంకులా ఉంది గోడ, ముసలావిడ చాదస్తం" అనేవారు. నేను మిమ్మల్ని నమ్మాను. అమ్మ మాట నమ్మక, "ఊరికే అందరినీ విసిగించకమ్మా" అని కసిరాను. ఆవిడ దగ్గి దగ్గి పోయింది. దుప్పటి పిండితే నీళ్ళు కారేవని ఇన్నేళ్ళకి, మిషన్ల మోటార్ల కోసం, మీ చేత్తో మీరే రాశారు. ఆ వాక్యం చదివిన రోజు నేను ఆఫీసులో బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

అన్నయ్య మీద నాకు జాలి లేదా అని అడుగుతారేమో. బీరువాకి రెండో పక్క పట్టుకున్నది ఆయనే కదండీ.

పిచ్చిక


కింది వీధి ఇల్లు, వీధి అరుగు
అక్టోబరు చివర

పిచ్చికా,

తడిగుడ్డతో గొంతు కోశావు. కోసి, కోసిన కత్తి నాదేనంటున్నావు. బాగుంది. నీ చదువుకి దణ్ణం.

నమ్మావా? నమ్మడం నీకు సుఖం కాబట్టి నమ్మావు. మీ అమ్మ "నన్ను పిచ్చిక దగ్గరికి పంపించండి" అని ఏడిస్తే నీకు చెప్పింది ఎవరు? నేనే. నువ్వేమన్నావు? "నాకున్నవి రెండే గదులు వదినా, ప్రమోషను పరీక్షలున్నాయి, వచ్చే ఏడాది చూద్దాం" అన్నావు. వచ్చే ఏడాది దాకా ఆవిడ ఆగలేదు. నేను చాకిరీ చేశాను, తిట్టుకుంటూనే చేశాను. ఆ మంచం కింద పళ్ళెం ఎత్తింది ఈ చేతులు. నువ్వు ఆదివారం ఫోను ఎత్తావు.

ఇంకొకటి. నువ్వు వచ్చిన రోజు నేను కాఫీ తెస్తూ గుమ్మంలో ఆగాను. నువ్వు బీరువా వెనక చెయ్యి పెట్టావు. పెట్టి, తీసి, చీరకి తుడుచుకున్నావు. నన్ను చూసి, "కాఫీలో పంచదార తక్కువెయ్యి వదినా" అన్నావు. సాయంత్రం బండికి వెళ్ళిపోయావు. బీరువా పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. దాని వెనక తడిమి, తడి తుడుచుకుని పోయింది ఎవరు? మీ కంపెనీ భాషలో, తెలిసీ మరమ్మతు చేయించనివాళ్ళని ఏమంటారో నువ్వే వెతుక్కో.

సరే. నోటీసు గడువు ముగిసింది. మాకు తలదాచుకోవడానికి ఇంకెవరూ లేరు, ఆ సంగతి నీకు తెలిసే ఇదంతా చేశావు కదా, ఇక అనుభవించు. మీ అన్నయ్య వద్దంటున్నాడు, ఆయన మాట ఎప్పుడు విన్నాను కనక? గురువారం పొద్దున బండికి దిగుతున్నాం. మిషన్లు పాత ఇనప సామానువాడికి ఇచ్చేశాను. రెండు పెట్టెలు, పరుపులు మాత్రమే తెస్తాం. ఈసారి పరీక్షలున్నాయని చెప్పకు.

వదిన


మూడో అంతస్తు కాదు, మా ఫ్లాటు నుంచి
నవంబరు మొదట

వదినగారికి,

మీ ఉత్తరంలో మిగతా సంగతులకి జవాబు రాయడం లేదు. రండి.

అన్నయ్యకి హాల్లో కిటికీ పక్కన కొత్త మంచం వేయించాను. పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది, నడుముకి మంచిది. మీకు లోపలి గది ఇస్తున్నాను, స్నానాల గది పక్కది. పై ఫ్లాటువాళ్ళ గొట్టం ఆ గోడలోంచే దిగుతుంది, చప్పుడు వినిపిస్తే భయపడకండి. మంచం గోడవారగా వేశాను, ఇంకోవైపు చోటు లేదు. తలవైపు గోడకి బీరువా ఆనించి పెట్టాను. చాలా బరువు, జరపాలని చూడకండి, ఇక్కడ రెండో పక్క పట్టుకునేవాళ్ళు లేరు. అన్నయ్యని మాత్రం పట్టుకోనివ్వను.

దుప్పట్లు రెండు పెట్టాను. రాత్రిపూట వీపుకి చల్లగా తగిలితే నన్ను లేపనక్కర్లేదు. చెమ్మ కాదు వదినా, వయసు చలి.

మీ పిచ్చిక